దైవానుగ్రహము నర్థించుట



దేవుని యాశీర్వాదమును గోరని వారు లోకమున నరుదు. పరీక్షకు బోవు విద్యార్థియు, అంగడి తెఱచు వర్తకుడును, కుమార్తెకు వివాహము నిశ్చయించుకొన్న తలిదండ్రులును, శస్త్రచికిత్సకు సిద్ధమైన రోగియు నందఱు నామాటనే యుచ్చరింతురు. క్రైస్తవ గృహములలో గుమ్మములపైనను, గోడ క్యాలెండరులపైనను, బండ్ల యద్దములపైనను నదియే కనబడుచుండును. ఇంత విరివిగా వాడబడు మాటను మన మే యర్థమున వాడుచున్నామో యొకసారి నిలిచి విచారింపవలదా? మేలును గోరుట వేఱు. మేలొసగు వానిని గోరుట వేఱు. ఈ రెండు కోరికలును ఒకే ప్రార్థనలో చిరకాలము కలిసి యుండవచ్చును. కాని యడిగిన మేలు దొరకక, దేవుడు మాత్రమే మిగులు దినము ప్రతి భక్తునికిని వచ్చును. మనము నిజముగా దేనిని గోరితిమో యా దినమున బయటపడును.

బైబిలులో యాకోబువలె నాశీర్వాదమునకై తపించినవాడు మఱియొకడు కానరాడు. అతడు దానిని రెండు పర్యాయములు పొందెను. మొదటిసారి తండ్రియైన ఇస్సాకు వృద్ధుడై చూపు గోల్పోయి యుండగా, తల్లి చెప్పిన యుపాయముచేత, అన్న వస్త్రములు ధరించి, చేతులకును మెడకును మేకపిల్లల చర్మములు చుట్టుకొని తండ్రి మంచము చెంత నిలిచెను. నీవెవడవని తండ్రి యడిగెను. నేను ఏశావునని కుమారుడు బదులు పలికెను. దీవెన దొరకెను. ఆకాశపు మంచును, భూసారమును, ధాన్యమును, ద్రాక్షారసమును, సహోదరులపై దొరతనమును అన్నియు నందు గలవు. కాని యా దీవెనతో నతడు ఇంట నిలువలేకపోయెను. అన్న పగకు వెఱచి పరదేశమునకు పాఱిపోయి, మేనమామ యింట ఇరువది సంవత్సరములు కొలువు చేసెను. చీకటిలో తండ్రిని మోసగించినవాడు చీకటిలోనే పెండ్లికూతురి విషయమున తాను మోసపోయెను. గ్రంథకర్త యీ రెంటిని ముడిపెట్టి వ్యాఖ్యానింపడు, చదువరికే విడిచిపెట్టెను.

రెండవసారి యబ్బోకు రేవునొద్ద. ఏశావు నాలుగువందలమందితో నెదురు వచ్చుచున్నాడని తెలిసి, భార్యాబిడ్డలను, మందలను ఏఱు దాటించి, యాకోబు ఒంటరిగా మిగిలెను. తెల్లవాఱు వఱకు నొక పురుషుడు వానితో పెనుగులాడెను. దీవింపక నిన్ను బోనీయనని యాకోబు పట్టుపట్టెను. అప్పు డాయన దీవెన నీయక ముందుగా వాని పేరడిగెను. పేరు తెలియక యడిగెనా? కాదు. ఈ ప్రశ్న వెనుక నొకసారి గ్రుడ్డితండ్రి నోట వచ్చినదే. నా డతడు అన్న పేరు చెప్పియుండెను. నేడు తన పేరు చెప్పుకొనెను. మడమ పట్టుకొనువాడు, వంచకుడు అను నర్థము గల యా పేరును దాపఱికము లేక పలికిన తరువాతనే క్రొత్తపేరును, దీవెనయు లభించెను. తొడ గూడు వసలి, కుంటుచు నతడు సూర్యోదయమున ఏఱు దాటెను. అనుగ్రహము నర్థింప వచ్చు మనలో ననేకులు నేటికిని మేకచర్మములు చుట్టుకొనియే వత్తుము. మంచి క్రైస్తవుని కంఠస్వరము, మంచి దాత వస్త్రము, మంచి సంఘపెద్ద నడక తెచ్చుకొని నిలుచుందుము. లోపల నున్నవానిని మాత్రము వెంట దీసికొని రాము.

ఇంకొక సంగతి. 1979వ సంవత్సరమున యెరూషలేమునందు కేతెఫ్ హిన్నోము అను చోట ప్రాచీనసమాధులను త్రవ్వుచుండగా రెండు చిన్న వెండి రేకులు, చుట్టలుగా జుట్టబడినవి, దొరకెను. మిక్కిలి జాగరూకతతో వానిని విప్పి చూడగా, సంఖ్యాకాండమున అహరోను కుటుంబపు యాజకులకు నేర్పబడిన దీవెనలోని మాటలు వానిపై జెక్కబడి యుండెను. అవి క్రీస్తునకు సుమారు ఆఱువందల సంవత్సరములకు బూర్వపువని పండితుల యభిప్రాయము. ఆ దీవెనను చదివి చూడుడు. పొలమని గాని, పశువులని గాని, శత్రునాశనమని గాని యందు లేదు. దేవుడు కాపాడుటయు, ఆయన ముఖము మనపై ప్రకాశించుటయు, ఆయన కరుణించి సమాధాన మిచ్చుటయు, ఇంతే. అట్టి మాటలను జనులు వెండిరేకుపై వ్రాయించి, చుట్టి, మన యూళ్లలోని తాయెత్తువలె ధరించిరి! వారిని పరిహసింపను; మరణభయ మట్టిది. కాని ముఖదర్శనము గోరు ప్రార్థనను చుట్టచుట్టి మెడకు గట్టుకొనుట మానవస్వభావమునకు ఎంత సులభము!

దయాప్రాప్తురాలని దేవదూతచే బిలువబడిన మరియకు లభించిన దేమి? పశువుల తొట్టిలో బరుండబెట్టవలసిన బిడ్డ. ఆలయమున వృద్ధుడైన సుమెయోను చెప్పినట్లు హృదయమున దూసికొనిపోవు ఖడ్గము. కడపట సిలువ చెంత నిలుచుండుట. శరీరమున ముల్లు తొలగింపుమని పౌలు ముమ్మారు వేడుకొనెను. ముల్లు తొలగలేదు, కృప చాలునను నుత్తరము వచ్చెను. గెత్సేమనే తోటలో ప్రభువే యడిగిన పాత్ర తొలగలేదు. ఇట్లుండగా, ధనము రాకున్నను, రోగము తీరకున్నను నీ విశ్వాసమున లోపమున్నదని సభలలో బోధించువారు ఏ గ్రంథమును చదువుచున్నారో నా కర్థము కాదు. బిడ్డను గోల్పోయిన తల్లియొద్దకు బోయి, నీ ప్రార్థన చాలలేదని పలుకుట క్రూరత్వము. ఆ మాట ననువాడు మరియను సిలువ క్రిందనుండి వెడలగొట్టవలసియుండును. దుఃఖించువారు ధన్యులని కొండమీద బోధించిన వాడు వేఱొకడు కాడు గదా.

అట్లయిన నన్నమును, ఆరోగ్యమును అడుగరాదా? అడుగవలెను. అనుదినాహారము నడుగుమని ప్రభువే నేర్పెను. అన్నమును అన్నముగా నడుగుట, అనుగ్రహమును అనుగ్రహముగా నడుగుట, ఒకదానిని మఱియొకదానికి వెలగా గట్టకుండుట, ఇదియే కష్టము. ఈ కష్టమును మన దేశముననే యొంగోలు మిషనువారు ఎదుర్కొనిరి. 1876 మొదలు 1878 వఱకు ధాత కరువు దక్షిణదేశమును దహించినప్పుడు, అచ్చటి మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో సుమారు మూడు మైళ్ల పనిని గుత్తకు దీసికొని, ఆకలితో నున్న వేలకొలది జనులకు కూలి గల్పించెను. ఆయన యౌవనమున భూమి కొలతపని నేర్చినవాడు. ఆ విద్య ఇచ్చట నక్కఱకు వచ్చెను. కూలివారిలో పెక్కుమంది బాప్తిస్మ మిమ్మని వేడుకొనిరి. ఆయన ఈయలేదు. కూడునకై వచ్చుచున్నారో దేవునికై వచ్చుచున్నారో వారికే తెలియని కాలమది. గంజి మానలేదు, బాప్తిస్మమును ఈయలేదు. సహాయపు పనులు ముగిసి, ఈయదగిన కూలి గాని ధాన్యము గాని లేని దినమున వచ్చినవారిని స్వీకరించిరి. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లియొద్ద 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఈ సంఖ్యను చాలమంది గొప్పగా జెప్పుకొందురు. నాకు మాత్రము దానికి ముందు గడచిన, ఏ సంఖ్యయు లేని నెలలే యెక్కువగా దోచుచున్నవి.

వారు పొందిన భాగ్య మెట్టిది? వారిలో మిక్కిలి పెద్దభాగము మాదిగలు. ఆదివారము పని చేయరాదనియు, చచ్చిన పశువుల మాంసము తినరాదనియు, విగ్రహములను బూజింపరాదనియు నా సంఘమున నియమములు. గ్రామజాతరలో డప్పు వాయింపమని చెప్పినచో గ్రామపెద్దలు ఊరకుందురా? ఆ నియమములను బట్టి పనియు, బత్తెమును గోల్పోయిన వారు, దెబ్బలు దిన్నవారు గలరు. అయినను చాలమంది మరలిపోలేదు. తమ పేరుతోనే, తమ పేటనుండియే దేవుని యెదుట నిలువవచ్చునని మొదటిసారి విన్నవారు వారు. దానిని గంజికి మాఱుగా నమ్ముకొన రైరి.

యాకోబు కథలో నొక భాగము మిగిలియున్నది. ఏఱు దాటిన యుదయముననే అన్న యెదురుపడెను. ఏశావు పరుగెత్తి వచ్చి తమ్ముని కౌగిలించుకొని ముద్దుపెట్టుకొనెను, ఇరువురును ఏడ్చిరి. అన్న ముఖము చూచుట తనకు దేవుని ముఖము చూచినట్లున్నదని యాకోబు చెప్పెను. పిమ్మట తాను దెచ్చిన మందలను గైకొమ్మని బ్రతిమాలెను. అచ్చట హెబ్రీ మూలమున కానుకకు వాడిన పదము, పూర్వము తండ్రియొద్ద దొంగిలించిన దీవెనకు వాడిన పదమే. ఏశావు తనకు చాలినంత యున్నదని మొదట నిరాకరించెను. తమ్ముడు కుంటికాలితో నిలుచుండి మఱల మఱల వేడుకొనగా బుచ్చుకొనెను.