అలవాటు - అవధానము

వీరశైవ గృహములయందు బాలబాలికలకు పసితనముననే లింగధారణ జరుగును. పదమూడు, పదునాల్గేండ్లు వచ్చునప్పటికి విభూతి ధరించుట, ఇష్టలింగమును కరస్థలమున నుంచి మంత్రము జపించుట వారికి అలవాటైపోవును. వ్రేళ్లు నుదుట విభూతి దిద్దుచుండగా మనస్సు ఆటస్థలమున నుండును. ఇందులకు పిల్లలను కోపగించుట తగదు. మాటిమాటికి చేసిన పని ఆలోచన తోడు లేకయే జరిగిపోవుట దేహమునకు సహజము. అది లేనిచో నిత్యనియమమే నిలువదు. షట్‌స్థలములలో రెండవదగు మహేశస్థలమునకు చెప్పబడిన నిష్ఠాభక్తికి అలవాటే ఊతము.

అయితే అలవాటు మంచిచెడ్డల నెఱుగదు. పొలముపని చేయువాడు గడపకడకు వచ్చి దాహమనును. బాలుడు లోనికి పోయి, ఇంటివారి చెంబును ముట్టక, మూలనున్న వేరు గ్లాసుతో నీరు తెచ్చి యిచ్చును. అట్లు చేయుమని వానికెవ్వరును చెప్పలేదు. తాను నిర్ణయించినట్లు వాడును ఎఱుగడు, చేయి నిర్ణయించినది. ఉదయమున లింగమును పట్టినదియు ఆ చేయియే! పెద్దలు ఎన్ని ప్రవచనములు వినిపించినను, పిల్లలు నేర్చుకొనునది వారి చేతలనుండియే.

తండ్రి ఉపనయనము తలపెట్టగా బాలబసవన్న నిరాకరించిన కథను పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున చెప్పెను. తరతరములుగా ఎవరును అడుగక జరుపుచు వచ్చిన కర్మయెదుట ఒక బాలుడు ఆగెను. కథలోని మహిమలను చెప్పి, ఈ ఆగుటను చెప్పక విడుచుట పరిపాటియైనది.

ఆగుట నేర్పు సాధనము ధర్మమునందే యున్నది. మూడవదగు ప్రసాదిస్థలమున చెప్పబడినది అవధానభక్తి. అన్నమైనను నీరైనను ముందు ఇష్టలింగమునకు అర్పించి, పిదప ప్రసాదముగా స్వీకరింపవలెను. అందులకు పట్టునది ఒక్క ఊపిరి కాలము. కంచమునకును నోటికిని నడుమ ఆ ఊపిరిని నిలుప నేర్చినవాడు ఇతర సమయములందును నిలుపగలడు. స్నేహితుడు గుట్కా పొట్లము చాచినప్పుడు, నిద్ర లేవగానే చేయి సెల్‌ఫోను వైపు పోవునప్పుడు, 'దీనిని లింగమునకు అర్పింపగలనా?' యను ప్రశ్న చాలును. గుట్కా విషయమున ఉత్తరము సులభము. ఫోను విషయమున అంత సులభము కాదు. దానిని బాలుడే తేల్చుకొనవలెను. తల్లిదండ్రులు తొందరపడి చెప్పివేసిరా, అది వానికి మఱియొక అలవాటగును గాని అవధానము కాదు.

మఠములయందు పూజావిధి నేర్పు స్వాములు మంత్రోచ్చారణమును దిద్దుటతోపాటు ఒక్కొక్కరిని, 'నేడు ఆలోచింపక చేసిన పని యేది?' యని యడుగవచ్చును. మొదట ఎవరును పలుకరు. కొన్నాళ్లకు పలుకుదురు. ఏదో యొకనాడు వేరు గ్లాసు మాటయు వచ్చును. ఆ సాయంకాలము బాలుడు ఇంటికి పోయి, ఆ గ్లాసు వేరుగా నెందుకున్నదని తల్లి నడిగి, ఆమె ఉత్తరము కొఱకు నిలుచుండును.