పంజా కింద ఏముంది?

బీజింగ్‌కు నైరుతి దిక్కున, యోంగ్‌డింగ్ నది మీద లుగౌ వంతెన ఉంది. 1189లో మొదలుపెట్టి 1192లో పూర్తిచేసిన రాతి వంతెన అది. పిట్టగోడ స్తంభాల మీద వరసగా సింహాలు. ఒకదాని పోలిక ఒకదానికి లేదు. పెద్దవాటి వీపుల మీద, పొట్టల కింద పిల్లలు దూరి ఆడుకుంటుంటాయి. లెక్కకు అందనివాటికి అక్కడివాళ్ళు ఈ సింహాలనే సామెతగా చెబుతారు. 1962లో లెక్కిస్తే 485 తేలాయి. తర్వాత 501 అన్నారు.

కొన్నేళ్ళ కిందట ఒక సదస్సుకు వెళ్ళినప్పుడు అక్కడి అధ్యాపకురాలొకరు నన్ను ఆ వంతెన మీదికి తీసుకెళ్ళింది. పంజా కింద బంతి ఉంటే మగది, పిల్ల ఉంటే ఆడది అని చెప్పింది. జూలు మాత్రం రెండింటికీ ఉంది. "మరి పిల్ల లేని ఆడసింహం?" అన్నాను. "దాన్ని పోల్చుకోలేం" అని నవ్వింది.

ఆమె మామూలుగానే అంది. పిల్లల్లేని నాకు మాత్రం పేరంటాల్లో పసుపు రాస్తూ "ఎంతమంది?" అని అడిగిన గొంతులన్నీ వినిపించాయి. బంతి అంటే అధికారమని ఒక వివరణ ఉంది. మగవాడికి లోకం, ఆడదానికి బిడ్డ! పితృస్వామ్యాన్ని ఇంతకన్నా సూటిగా రాతిలో చెప్పగలమా? ఆ రాత్రే వ్యాసం మొదలుపెట్టాను.

రెండో పేజీ దగ్గర కలం ఆగింది. నేను చూసింది కూడా పంజానే కదా! చైనా అడవుల్లో సింహాలు లేవు. చెక్కినవాళ్ళలో చాలామంది సింహాన్ని చూసి ఉండరు. పంజా కింద ఏముండాలో ఆనవాయితీ చెప్పింది సరే, వీపెక్కి అల్లరి చేసే పిల్లను చెక్కమని ఎవరు చెప్పారు? పైగా పాతవి పాడైనప్పుడల్లా కొత్తవి పెడుతూ వచ్చారు. అన్ని రాజవంశాల కాలాల చేతులకు ఒకే ఉద్దేశం అంటగట్టడం న్యాయమేనా? ఆ ఉల్లాసాన్ని నా వాదనకు సాక్ష్యంగా మాత్రమే చూస్తే, నన్ను ఒడిని బట్టి చూసినవాళ్ళకూ నాకూ తేడా ఏముంది?

అలాగని నా ప్రశ్నను వెనక్కి తీసుకోను. ఆ ఆనవాయితీ అబద్ధం కాదు, అది గుచ్చుకోవడమూ అబద్ధం కాదు. కాకపోతే వ్యాఖ్యానించేవాళ్ళం మన గాయం ఎక్కడుందో ముందు చెప్పుకోవాలి. ఆ తర్వాత కూడా చూడటం మానకూడదు.

మర్నాడు ఒక్కదాన్నే మళ్ళీ వెళ్ళాను. ఎండకూ వానకూ అరిగిపోయి, కింద ఉన్నది బంతో పిల్లో తెలియని సింహాలు కొన్ని కనిపించాయి. వాటినీ లెక్కలో కలుపుతూ నడిచాను.