ఎగరడమే ప్రమాణమా?

రాకెట్ తయారుచేసే విద్యార్థికి తన లెక్క సరైనదని ఎప్పుడు తెలుస్తుంది? కాగితం మీద తేలినప్పుడా, రాకెట్ నింగికి లేచినప్పుడా? ఇంజనీరింగ్ విద్యార్థుల రాకెట్ బృందాలకు ఎదురయ్యే ఈ ప్రశ్న మన దర్శనాల్లో ప్రామాణ్యవాదంగా ఎన్నో శతాబ్దాలు నలిగింది.

మీమాంసకుల మాటలో జ్ఞానం పుట్టుకతోనే ప్రమాణం. దాన్ని తప్పని చూపే బాధకం ఎదురయ్యేదాకా నమ్మవచ్చు. న్యాయదర్శనం వారైన నైయాయికులు ఒప్పుకోరు; పని ఫలించాకే జ్ఞానం ప్రమాణమని తేలుతుందంటారు. దూరాన నీళ్లు కనిపించాయి, వెళ్లి తాగితే దాహం తీరింది. ఆ చూపు నిజమని అప్పుడే తేలింది. తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు ఆంధ్రదేశపు పండితుడే. ఆ గ్రంథానికి తానే రాసుకున్న దీపికలో ఈ న్యాయపక్షాన్ని సమర్థించాడు.

వట్లూరులో 1989 నుంచి నడుస్తున్న సర్ సి.ఆర్.రెడ్డి ఇంజనీరింగ్ కళాశాల లాంటి చోట చదివే విద్యార్థికి సూత్రాలు ముందు పాఠంగా, అంటే శబ్దప్రమాణంగా అందుతాయి. రాకెట్ బరువు కేంద్రం గాలి ఒత్తిడి కేంద్రానికి ముందుండాలన్నది అలాంటి సూత్రమే. అట్టను గొట్టంగా చుట్టి, రెక్కలు అతికించి, దారంతో వేలాడదీసి తూచినప్పుడు అదే సంగతి వేళ్లకు ప్రత్యక్షమవుతుంది. ముక్కులో బరువు చాలకపోతే రాకెట్ గాలిలో పల్టీలు కొడుతుంది. చేతితో చేసి నేర్చిన ఈ తెలివికి పాఠం సాటిరాదు.

అయినా న్యాయపక్షానికీ ఒక చిక్కుంది. రాకెట్ ఎగిరినంత మాత్రాన ప్రతి అతుకూ సరిగా ఉందని రుజువు కాదు. అందుకే మోటారును ముందు నేలమీదే బిగించి, మండించి, దాని తోపుడు బలాన్ని విడిగా కొలుస్తారు.

వైఫల్యం చెప్పేది ఇంకా జటిలం. 2022 ఆగస్టు 7న శ్రీహరికోట నుంచి లేచిన, చిన్న ఉపగ్రహాలను మోసే ఎస్‌ఎస్‌ఎల్‌వి తొలి రాకెట్‌లో 750 మంది బడిపిల్లలు, అందరూ ఆడపిల్లలే, తయారీలో పాలుపంచుకున్న ఆజాదీశాట్ ఉపగ్రహం ఉంది. రెండో దశ విడిపోయే వేళ కంపనం హద్దు దాటింది. ఆ కాసేపటి కుదుపును చూసి, త్వరణాన్ని కొలిచే సెన్సర్లు చెడిపోయాయని సాఫ్ట్‌వేర్ తీర్మానించింది. 356 కి.మీ. వృత్తాకార కక్ష్యకు బదులు, భూమికి 76 కి.మీ. దాకా దిగే కక్ష్యలో ఉపగ్రహాలు పడ్డాయి. అక్కడ అవి నిలవలేవు. ప్రమాణాన్నే భ్రమగా ఎంచిన భ్రమ ఇది. బాధకం కూడా ఒక జ్ఞానమే కనుక దానికీ పరీక్ష కావాలి. మీమాంసకులు జవాబు చెప్పుకోవలసింది ఇక్కడే.

మరి ఆ పిల్లల పని అబద్ధమైందా? కాలేదు. ఫలం పుట్టాలంటే కారణ సామగ్రి అంతా కూడాలని న్యాయదర్శనం చెబుతుంది. ఒక్కటి లోపించినా ఫలం రాదు. దానివల్ల మిగతావి తప్పని తేలదు. రాకెట్ దశలు విడిపోయే ఏర్పాటును, సెన్సర్లపై తీర్పు చెప్పే తర్కాన్ని సరిదిద్దాక, 2023 ఫిబ్రవరి 10న రెండో ఎస్‌ఎస్‌ఎల్‌వి ఆజాదీశాట్-2ను 450 కి.మీ. కక్ష్యలో నిలిపింది.