రిపోర్టులో ఏమీ లేదట!



మార్కు సువార్త 5వ అధ్యాయంలో పన్నెండేండ్లు రక్తస్రావంతో బాధపడిన స్త్రీని మీరెరుగుదురు. అనేకమంది వైద్యుల చేతుల్లో పడి, ఉన్నదంతా ఖర్చుపెట్టుకొని, మేలు పొందకపోగా ఇంకా క్షీణించిందని మార్కు దాపరికం లేకుండా వ్రాశాడు. ఇదే ఉదంతాన్ని వ్రాసిన లూకా మాత్రం ఆమెను ఎవరూ నయం చేయలేకపోయారని చెప్పి ఊరుకున్నాడు. క్షీణించిన సంగతి ఎత్తలేదు. లూకా వైద్యుడు గదా, తోటివారిని కాపాడుకున్నాడేమోనని గురువిద్యాలయంలో మేము నవ్వుకునేవాళ్లం.

ఆ స్త్రీ నేడు మన విచారణలలో కూడ ఉన్నది. చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో రెండు మూడు ల్యాబుల కాగితాలు. ఒక కాగితంలో టి.ఎస్.హెచ్. 6, రెండు నెలల తరువాత మరొక చోట 4. ఒక డాక్టరుగారు మాత్ర వేసుకోమన్నారు, మరొకరు అక్కరలేదన్నారు. ఆమెకు మాత్రం ఒళ్లు బరువు, నీరసం, జుట్టు ఊడటం, చలి. ఇంట్లోవారి తీర్పు ఒక్కటే: "రిపోర్టులో ఏమీ లేదట, పని తప్పించుకోవడానికే ఇదంతా!"

ఈ అంకెల సంగతి కొంచెం తెలుసుకోవడం మంచిది. గొంతు ముందుభాగంలో ఉండే థైరాయిడ్ గ్రంథి పనివాడైతే, తలలోని పిట్యూటరీ గ్రంథి మేస్త్రీ. పనివాడు మందగిస్తే మేస్త్రీ కేకలు పెంచుతాడు. ఆ కేకే టి.ఎస్.హెచ్. అందుకే అది పెరిగితే థైరాయిడ్ తగ్గిందని అర్థం. అయితే ఆ కేక రోజంతా ఒకే స్థాయిలో ఉండదు. రాత్రివేళ ఎక్కువ, మధ్యాహ్నం తక్కువ. మరేదైనా పెద్ద జబ్బు చేసినా మారుతుంది. కాన్పు అయిన సంవత్సరంలోగా కొందరికి థైరాయిడ్ మొదట ఎక్కువై, పిదప తక్కువవుతుంది. జుట్టు కోసమని కొందరు వాడే బయోటిన్ మాత్రలు కొన్ని ల్యాబుల పరీక్షలను తారుమారు చేసి, లేని జబ్బును చూపించగలవు. కాబట్టి కొన్ని వారాలు ఆగి మళ్లీ పరీక్ష చేయిద్దామన్న డాక్టరుగారిని చేతగానివాడని అనుకోకండి. ఆయన నిజాయితీపరుడు కావచ్చు.

నేనెరిగిన ఒక సోదరి కథ ఇంకా చిక్కుది. ఆమెకు ఆరేండ్లపాటు టి.ఎస్.హెచ్. ఎప్పుడు చూసినా నార్మలే. మనిషి మాత్రం మంచం దిగలేని స్థితి. చివరికి ఒక డాక్టరమ్మగారు కాగితాలు పక్కనబెట్టి, "కాన్పు ఎలా జరిగిందమ్మా? పాలు పడ్డాయా?" అని అడిగారు. విపరీతంగా రక్తం పోయింది, పాలు పడలేదు, ఆ తరువాత నెలసరి రాలేదు. అప్పుడు ఫ్రీ టి4, కార్టిసాల్ పరీక్షలు చేయిస్తే రెండూ బాగా తక్కువ. కాన్పులో రక్తం పోయి పిట్యూటరీయే దెబ్బతిన్నది. మేస్త్రీకే గొంతు పోతే ఇక కేక ఎక్కడినుండి వస్తుంది? షీహాన్ అనే వైద్యుడు 1937లో వివరించిన జబ్బు ఇది. మన దేశంలో నేటికీ కనబడుతున్నది. ఇందులో ముందుగా కార్టిసాల్ లోటు తీర్చి, తరువాతే థైరాయిడ్ మాత్ర ఇవ్వాలి. వరుస తప్పితే ప్రాణానికే ముప్పు. మందుల షాపులో అడిగి మాత్ర తెచ్చుకునేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

మన తలంపు వస్తువుతో సరిపోవడమే సత్యమని పునీత తోమాసు అక్వినాసు బోధ. ఇక్కడ వస్తువు ఏది? కాగితమా, మనిషా? అంకె ఒక గురుతు మాత్రమే. గురుతును చూసి మనిషిని కాదనడం తర్కంలోనే పొరపాటు, ప్రేమ మాట తరువాత. అట్లని పరీక్షలను త్రోసివేయనూ కూడదు. ఈ సోదరి జబ్బు బయటపడింది కూడ సరియైన పరీక్షతోనే.

సీరా జ్ఞానగ్రంథం 38వ అధ్యాయం వైద్యుని గౌరవించమంటుంది, ప్రార్థన చేయమంటుంది, వైద్యునికీ చోటివ్వమంటుంది. మూడూ ఒకే చోట. స్వస్థత కూటానికి వెళ్లివచ్చి మాత్రలు మానేసినవారు ఆ అధ్యాయం చదవాలి. ప్రార్థన చేశారని మీ గురువులెవ్వరూ మందు మానమనరు.

ప్రభువు ఆ స్త్రీని ఏమి చేశాడో గమనించండి. స్వస్థత అప్పటికే జరిగిపోయింది. అక్కడ యాయీరు కుమార్తె చావుబ్రతుకులలో ఉన్నది, త్రోవలో జనం త్రొక్కిసలాట. అయినా ఆగాడు. ఆమె జరిగినదంతా చెప్పుకునే దాకా నిలబడి విన్నాడు. పన్నెండేండ్లలో ఆమె మాట పూర్తిగా విన్నవారు ఇంకెవరైనా ఉన్నారో లేదో!

భర్తలకొక మాట. ఈసారి డాక్టరు దగ్గరకు ఆమెను ఒంటరిగా పంపకండి. పాత కాగితాలన్నీ తేదీల వరుసలో పెట్టి, వాడుతున్న ప్రతి మాత్ర పేరు, ఐరన్, కాల్షియం సహా, వ్రాసి పట్టుకెళ్లండి. ఆ రెండూ థైరాయిడ్ మాత్రతో కలిపి వేసుకుంటే అది ఒంటికి పట్టదు. నాలుగు గంటల ఎడం ఉండాలి. కాన్పుల సంగతి, నెలసరి సంగతి చెప్పడానికి ఆమె సిగ్గుపడితే మీరు చెప్పండి.

ఫిబ్రవరి 11, లూర్దుమాత పండుగ. 1993 నుండి శ్రీసభ ఆనాడే ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినం జరుపుతున్నది. ఆ సాయంత్రం పూజ తరువాత రోగుల ఆశీర్వాదం ఉంటుంది. ఏ జబ్బని ఎవరినీ అడగము. పేరు తేలనివారు కూడ రండి.