మెడలోని ఉక్కు కడ్డీ

బేస్ గిటార్‌ను శ్రుతి చేయగానే దాని నాలుగు తీగలూ కలిసి సుమారు 70–80 కిలోల బలంతో మెడను ముందుకు లాగుతాయి. ఒట్టి కొయ్య ఆ లాగుడుకు నిలవలేదు. అందుకే లోపల ట్రస్ రాడ్ అనే ఉక్కు కడ్డీని పొదుగుతారు. బిగించి, సడలించి సర్దుకోగల కడ్డీకి గిబ్సన్ కంపెనీలో పనిచేసిన తాడియస్ మెక్‌హ్యూ పేర 1923లో పేటెంటు వచ్చింది. లియో ఫెండర్ 1951లో కాలిఫోర్నియాలో ప్రెసిషన్ బేస్ తెచ్చినప్పుడు మేపుల్ మెడ వెనక గాడి తీసి కడ్డీ దించి, పైన వాల్‌నట్ పట్టీ అతికించాడు. మెడ వెనక నుంచి కనిపించేది ఆ ముదురు చార ఒక్కటే.

బృహదారణ్యకోపనిషత్తులో ఉద్దాలకుడు అడిగితే యాజ్ఞవల్క్యుడు చెప్పిన అంతర్యామి ఇలాంటివాడే. లోపలే ఉంటాడు, తానున్న వస్తువుకే తెలియకుండా దాన్ని నడిపిస్తాడు. పాత ఫెండర్లలో కడ్డీని బిగించే నట్టు కూడా మెడ అడుగున, గిటార్ ఒంటిలో దాగి ఉంటుంది. దాన్ని తిప్పాలంటే చాలాసార్లు తీగలు సడలించి మెడనే విప్పాల్సి వస్తుంది.

మెడను గీత గీసినట్టు నిటారుగా నిలపాలని చాలామంది తాపత్రయపడతారు. అది పొరపాటు. తీగను మెడ మీది అడ్డపట్టీల్లో, అంటే ఫ్రెట్లలో, మొదటి ఫ్రెట్ దగ్గరా చివరి ఫ్రెట్ దగ్గరా నొక్కిపడితే, ఎనిమిదో ఫ్రెట్ మీద సుమారు 0.3 మిల్లీమీటర్ల సందు కనిపించాలి. కంపించే తీగకు ఆ కాస్త చోటు కావాలి. బిగింపు మితిమీరి మెడ వెనక్కి వంగితే తీగ ఫ్రెట్లకు కొట్టుకుని జరజరమంటుంది. శరీరాన్ని పీడించే ఘోర తపస్సును భగవద్గీత 17వ అధ్యాయం ఆసురమని ఎందుకన్నదో ఈ సందు దగ్గర బోధపడుతుంది. నిష్ఠ పేరుతో ఇంటిల్లిపాదినీ బిగించేసేవాళ్లను చూస్తూనే ఉంటాం. వాళ్ల నోట భగవన్నామం కూడా కరకుగానే పలుకుతుంది. నట్టును పావు చుట్టు తిప్పి ఆగాలి, కొయ్య ఒదిగేదాకా ఓపికపట్టాలి. బలవంతం చేస్తే కడ్డీ విరగొచ్చు.

ఆ తరువాతే బ్రిడ్జ్ మీద తీగలు ఆనుకునే శాడిళ్ల పని. 12వ ఫ్రెట్ దగ్గర తీగను వేలితో ఆనీ ఆననట్టు తాకితే దాని సహజ స్వరం పలుకుతుంది. అక్కడే నొక్కితే పలికేది మన ప్రయత్నం. నొక్కినప్పుడు తీగ రవ్వంత సాగుతుంది, స్వరం పైకి పోతుంది. ప్రయత్నం తనను తాను కలుపుకుంటుందన్నమాట. పెద్దలు కర్తృత్వమన్నది దీన్నే అని నా నమ్మకం. రెండు స్వరాలూ ఏకమయ్యేదాకా శాడిల్‌ను వెనక్కి జరపాలి. లావు తీగకు మరికాస్త వెనక్కి.

కొత్త పికప్‌లు, మెరిసే ట్యూనర్లు కొనబోయే పిల్లలకు నా మనవి ఒక్కటే. ముందు తీగలు శ్రుతి చేసి ఆ సందు కొలవండి. వానాకాలం వచ్చి గాలిలో తేమ మారితే మళ్లీ కొలవండి.