ఎవరూ చావని పాతికేళ్లు

అనంతపురం జిల్లా పామిడి మీదుగా బెంగళూరు వైపు సాగే 44వ నంబరు జాతీయ రహదారే పైన ఢిల్లీని కూడా దాటి వస్తుంది. ఆ ఢిల్లీలో మాయాపురి అని పాత ఇనుము అంగళ్ల పేట ఒకటుంది. 2010 ఏప్రిల్‌లో అక్కడి మనుషులకు వాంతులు పట్టుకున్నాయి, ఒళ్లు నల్లబడింది, జుట్టు ఊడిపోయింది. ఒక వ్యాపారి చిన్న లోహపు ముక్కను పర్సులో పెట్టుకుని తిరిగాడు. పర్సు తగిలిన చోట తుంటి మీద మానని పుండు పడింది. ఇంకొకతను ఆ నెల దాటకుండానే కన్నుమూశాడు.

ఆ ముక్క కోబాల్ట్-60. అది ఏ అణు కర్మాగారం నుంచో రాలేదు, ఢిల్లీ విశ్వవిద్యాలయం రసాయన శాస్త్ర విభాగం నుంచి వచ్చింది. 1968 ప్రాంతంలో కెనడా నుంచి తెప్పించిన గామా సెల్ అనే యంత్రంలోది అది. వాడే ప్రొఫెసరు రిటైరయ్యాక ఆ యంత్రం 1985 నుంచి మూలపడింది. 2010 ఫిబ్రవరిలో పనికిరాని సామాను వేలం వేస్తూ దాన్నీ అమ్మేశారు. కొన్నవాళ్లు సీసపు కవచం విప్పేశారు. కోబాల్ట్-60 శక్తి అయిదేళ్ల మూడు నెలలకోసారి సగమవుతుంది. లెక్క కడితే, కొన్ననాటి శక్తిలో అప్పటికి మిగిలింది సుమారు రెండు వందల యాభైలో ఒక వంతు. ప్రాణం తీయడానికి ఆ మిగులే చాలింది.

ఎవరూ ఎవరినీ చంపాలనుకోలేదు. మరి పాపం ఎప్పుడు మొదలైనట్టు? ఏప్రిల్‌లోనా, ఫిబ్రవరిలోనా, ఇంకా ముందా?

ఇలాంటి ప్రశ్నతో తలపడిన మనిషి జాడ పామిడికి ఎంతో దూరంలో లేదు. గుత్తి, గుంతకల్లు దాటితే కొనకొండ్ల వస్తుంది. అక్కడి రససిద్ధుల గుట్ట మీద తీర్థంకరుల శిల్పాలున్నాయి. దిగంబర జైనులు ఎంతో పూజ్యుడిగా తలచుకునే కుందకుందాచార్యుడి ఊరు ఇదేనని చాలామంది పండితుల అభిప్రాయం. కర్మకు సంకల్పమే ప్రాణమన్నారు బౌద్ధులు. జైనులు అక్కడితో ఆగలేదు. వాళ్ల లెక్కలో కర్మ ఒక సూక్ష్మ ద్రవ్యం, కంటికి కనిపించకుండా జీవుడికి అంటుకునే ధూళి. ఈ మాట వినగానే అణుశాస్త్రమంతా మనవాళ్లకు ముందే తెలుసంటూ చంకలు గుద్దుకునేవాళ్లుంటారు. వాళ్లనలా వదిలేద్దాం. ఇక్కడ పనికొచ్చేది కుందకుందుడు ప్రవచనసారంలో తేల్చిన ఇంకో సంగతి. ప్రాణి చచ్చిందా బతికిందా అన్నదాన్ని బట్టి హింస తేలదంటాడాయన. ఒళ్లు దగ్గర పెట్టుకోకుండా మసలేవాడు ఏ ప్రాణీ చావకపోయినా హింస చేసినట్టే. ఎరుకతో మసలేవాడి వల్ల పొరపాటున ప్రాణి పోయినా, ఆ మాత్రానికే అతడికి బంధం లేదు.

ఈ కొలత పెట్టి చూస్తే మాయాపురి కథ 2010లో మొదలు కాదు. 1985 నుంచి పాతికేళ్లు ఎవరూ చావలేదు, ఎవరికీ దద్దురైనా రాలేదు. అయినా తప్పు రోజూ జరుగుతూనే ఉంది. వేలం పాట దాన్ని బజారుకెక్కించిందంతే.

ప్రయోగశాలల నియమాలు కూడా, ధర్మం పేరెత్తకుండానే, ఇదే మాట చెబుతాయి. మన దేశంలో రేడియేషన్ మధ్య పనిచేసేవారి మోతాదు ఏడాదికి 30 మిల్లీసీవర్టులు దాటకూడదు, అయిదేళ్లకు కలిపి 100 మించకూడదు. పరిమితి దాటలేదు కదా అని చేతులు దులుపుకుంటే మాత్రం కుదరదు. సాధ్యమైనంత తగ్గించావా లేదా అన్నదే అసలు ప్రశ్న. హైదరాబాద్ సీసీఎంబీలో లాల్జీ సింగ్ డీఎన్ఏ వేలిముద్రలు తీసిన రోజుల్లో ఫాస్ఫరస్-32 లేకుండా ఆ పని సాగేది కాదు. దాన్ని వాడే విద్యార్థి సెంటీమీటరు మందం యాక్రిలిక్ పలక వెనక కూర్చుంటాడు. ఇంకా గట్టిగా ఉంటుందని నేరుగా సీసం అడ్డం పెడితే బీటా కణాలు దానికి తగిలి ఎక్స్ కిరణాలు పుట్టిస్తాయి. భక్తి ఒక్కటే చాలదు, తెలివిడి కావాలి. పని ముగిశాక తొడుగులు తిరగేసి విప్పాలి, చేతుల మీద మీటరు ఆడించాలి, బల్ల తుడిచిన కాగితాన్ని కూడా వేరే డబ్బాలో వేయాలి. ఫాస్ఫరస్ శక్తి 14 రోజులకు సగమవుతుంది కాబట్టి ఆ డబ్బాను అయిదు నెలలు పక్కన పెడితే వెయ్యో వంతుకు దిగుతుంది.

అతని ఛాతీ మీద రేడియేషన్ మోతాదు కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జి ఉంటుంది. అది రక్షించదు, చిత్రగుప్తుడిలా చిట్టా రాస్తుందంతే. మూడు నెలలకోసారి ఆ చిట్టా విప్పి చూస్తారు. ట్రిటియం లాంటి వాటి బలహీనమైన కిరణాలు ఆ చిట్టాకెక్కవు, వాటికి మూత్ర పరీక్షే గతి. బ్యాడ్జిని సొరుగులో పడేసి పనిచేసే మహానుభావులు ప్రతిచోటా ఉంటారు. సున్నా చూపించే రిపోర్టు చూసుకుని మురిసిపోతారు కూడా.

ఇంత తంటా ఎందుకు, రేడియేషన్ జోలికే పోకుండా ఉంటే సరి కదా అనొచ్చు. పామిడి చుట్టూ పండేది వేరుశనగ. ముంబైలోని ట్రాంబే అణు పరిశోధన కేంద్రంలో రేడియేషన్ తెచ్చిన మార్పుల నుంచి టీఏజీ-24 లాంటి వేరుశనగ రకాలు పుట్టాయి. గామా కిరణం తగిలిన విత్తనం రేడియోధార్మికం కాదు, దాని గింజ నిర్భయంగా తినొచ్చు. వద్దనుకోవడం తేలికే గాని న్యాయం కాదు.

అయితే కుందకుందుడి జవాబుకూ ఒక చిక్కుంది. కర్మ జీవుడికి అంటుకుంటుంది. విశ్వవిద్యాలయానికి జీవుడేడీ? కొన్నాయన రిటైరయ్యాడు, తర్వాతి అధిపతులు మారారు, వేలం కమిటీలో ఉన్నవాళ్లకు అది ఏమిటో తెలియదు. పాతికేళ్ల అజాగ్రత్త ఏ జీవుడికి అంటాలి? చేసినవాడికి చేసినంత అనే కర్మ లెక్క ఇక్కడ చేతులెత్తేస్తుంది. ఒకరు కొన్నారు, మరొకరు అమ్మారు, ఏమీ తెలియనివాడు పోయాడు.

దీనికి కర్మ కంటే అప్పు సరైన కొలత. తండ్రి బాకీ కొడుకు తీర్చాలంది పాత ధర్మశాస్త్రం. 2005 హిందూ వారసత్వ చట్ట సవరణతో ఇళ్లల్లో ఆ కట్టుబాటు పోయింది గాని, ప్రయోగశాలల్లో పోకూడదు. కోబాల్ట్ కొన్న రోజే సంస్థ పేరున అప్పు పుడుతుంది, కుర్చీతోపాటు అదీ చేతులు మారాలి. పశ్చిమ గోదావరి గొరగనమూడిలో 1896లో పుట్టిన స్వామి జ్ఞానానంద హిమాలయాల్లో తపస్సు చేసి, ప్రాగ్‌లో భౌతికశాస్త్రం చదివి, లివర్‌పూల్‌లో చాడ్విక్ దగ్గర పనిచేసి, చివరికి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణు పరిశోధనశాల పెట్టారు. ఆ శాలకు నేటికీ ఆయన పేరే. పేరు నిలిచినట్టే బాకీ కూడా సంస్థ మీద నిలుస్తుంది. మూడు రుణాలూ తీర్చుకున్నాకే మోక్షం మీద మనసు పెట్టమన్నాడు మనువు. మనిషికి సన్యాసం ఉంది, కోబాల్టుకు లేదు.

మాయాపురి తర్వాత నైతిక బాధ్యత తమదేనని ఢిల్లీ విశ్వవిద్యాలయం వైస్ చాన్స్‌లర్ ఒప్పుకున్నారు. అణుశక్తి నియంత్రణ మండలి అక్కడ రేడియేషన్ పదార్థాల వాడకాన్ని ఆపించింది. రెండూ పాతికేళ్లు ఆలస్యంగా జరిగాయి. ఏ కాలేజీలోనైనా పాత ప్రొఫెసరు తాళం వేసి వెళ్లిన గది ఒకటుంటే, కొత్త అధిపతి బాధ్యతలు తీసుకునే ముందు ఆ తాళం తానుగా తీయకుండా రేడియేషన్ భద్రతాధికారిని పిలిపించి, లోపలున్న వాటి జాబితా చేయించి, దాని మీదే మొదటి సంతకం పెట్టాలి.