మన లేమిని ఎంతని రాయాలి?



పిల్లల కాలేజీ చదువుకు ఆర్థిక సహాయం కోరుతూ దరఖాస్తు నింపడం మనలో చాలా ఇళ్లకు తెలిసిన పనే. డాలస్‌లో ఉన్న కుటుంబం ఫాఫ్సా నింపుతుంది. యాంగోన్‌లో పజుండౌంగ్ వాగు దగ్గర ఉంటున్న తెలుగు కుటుంబం ఇండియాలోనో, థాయిలాండ్‌లోనో, అమెరికాలోనో ఉన్న కాలేజీకి దరఖాస్తు పెడుతుంది. దేశాలు వేరైనా కాగితం అడిగేది ఒకటే: మీ ఇంటికి ఎంత వస్తుంది, మీ దగ్గర ఎంత ఉంది, మీ బిడ్డ చదువుకు మీరు ఎంత పెట్టగలరు?

దశమభాగం గురించి మనం సంఘంలో మాట్లాడుకుంటాం. అప్పుల్లో ఉన్నవారి కోసం ప్రార్థిస్తాం. ఈ గడిలో రాసే అంకె గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. దాన్ని ఎవరి ఇంట్లో వారు తలుపులు వేసుకుని రాసుకుంటారు. అందుకే ఈ నెల దాని గురించే ఆలోచిద్దాం. పజుండౌంగ్‌ను ఎందుకు తీసుకున్నానంటే, నిజం రాయడం ఎంత కష్టమో అక్కడ బాగా కనిపిస్తుంది.

మీలో కొందరు ఆ పేరు తాతల నోట విని ఉంటారు. ఉత్తరాంధ్ర పెద్దలు రంగూన్‌ను ‘రంగం’ అనేవారు. మన తీరం నుంచి ఓడలెక్కి వెళ్లినవారిని అక్కడివారు కోరంగి రేవు పేరు మీద ‘కోరంగీలు’ అన్నారు. పజుండౌంగ్ వాగు ఒడ్డున ఉన్న బియ్యం మిల్లుల్లో, రేవుల్లో వాళ్లు మూటలు మోశారు. 1942లో జపాన్ సైన్యం వచ్చినప్పుడు లక్షల మంది భారతీయులు ఆ దేశం విడిచి వచ్చారు. వారిలో ఎందరో కొండదారుల్లో నడిచి వచ్చినవారే. 1964 ప్రాంతంలో దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేశాక ఇంకెందరో తిరిగి వచ్చారు. విశాఖ కంచరపాలెంలోని బర్మా క్యాంపు పేరు ఆ రోజులదే. అక్కడే ఉండిపోయిన కుటుంబాల పిల్లలు ఇప్పుడు కాలేజీ వయసుకు వచ్చారు.

ఆ పిల్లల ముందున్న దారి ఇరుకైనది. 2021 ఫిబ్రవరిలో సైన్యం అధికారం చేపట్టాక వేల మంది అధ్యాపకులు, విద్యార్థులు తరగతులు విడిచారు. 2024 ఫిబ్రవరిలో సైనిక సేవ చట్టాన్ని అమలులో పెట్టారు. అది 18 నుంచి 35 ఏళ్ల మగపిల్లలకు, 18 నుంచి 27 ఏళ్ల ఆడపిల్లలకు వర్తిస్తుంది. అలాంటి చోట బయటి దేశపు కాలేజీలో సీటు అంటే డిగ్రీ ఒక్కటే కాదని మీకు వేరే చెప్పనక్కరలేదు. అక్కడి తల్లిదండ్రులు దరఖాస్తు ముందు కూర్చున్నప్పుడు వాళ్ల చెయ్యి వణకడం సహజం.

ఒక ఇంటిని ఊహించుకుందాం. తండ్రికి చిన్న దుకాణం ఉంది. నెలకు 21 లక్షల క్యాట్లు మిగులుతాయి. దరఖాస్తు డాలర్లలో రాయమంటుంది. 2022 ఆగస్టులో మయన్మార్ కేంద్ర బ్యాంకు డాలరుకు 2,100 క్యాట్లని రేటు పెట్టింది. ఆ లెక్కన ఆయన ఆదాయం 1,000 డాలర్లు. 2024లో బయటి మార్కెట్‌లో డాలరు 4,000 క్యాట్లు దాటిపోయింది. 4,200 చొప్పున లెక్కిస్తే అదే ఆదాయం 500 డాలర్లు. ఒకే మనిషి, ఒకే దుకాణం, ఒకే నెల. ఏ అంకె నిజం?

ఇంకో చిక్కు చూడండి. 1964లో బర్మా ప్రభుత్వం 50, 100 క్యాట్ల నోట్లు చెల్లవంది. 1987లో 25, 35, 75 క్యాట్ల నోట్లు చెల్లవంది, బదులుగా ఏమీ ఇవ్వలేదు. నోట్లు దాచుకున్నవారు ఒక్క రోజులో బికారులయ్యారు. అందుకే అక్కడి ఇళ్లలో తల్లులు కాస్త మిగిలితే బంగారం చేయించి పెట్టెలో పెట్టారు. పౌరసత్వపు కాగితాలు సరిగా లేనివారు ఇంటిని తెలిసినవారి పేరు మీద పెట్టుకున్నారు. వాళ్లకు దాచుకోవడమంటే బతకడమే. దాన్ని దురాశ అని మనం తీర్పు తీర్చకూడదు. ఇప్పుడు ఆ బంగారం, ఆ ఇల్లు దరఖాస్తులో రాయాలా?

ఇక్కడ చాలామంది ఒక మాట అంటారు: “అధికారులు మనల్ని మోసం చేశారు, మన పెద్దల ఆస్తి లాక్కున్నారు. మన బిడ్డను బయటపడేయడానికి ఒక అంకె తగ్గించి రాస్తే తప్పేంటి? ఐగుప్తులో మంత్రసానులు ఫరోకు అబద్ధం చెప్పలేదా? దేవుడు వారికి మేలు చేయలేదా?”

ఈ వాదాన్ని తేలికగా తోసేయకూడదు. నిర్గమకాండము మొదటి అధ్యాయంలో షిఫ్రా, పూయా నిజంగానే ఫరోకు ఉన్నది ఉన్నట్టు చెప్పలేదు. అయితే వాళ్లు ఎవరికి అబద్ధం చెప్పారో, ఎవరి కోసం చెప్పారో గమనించండి. పసిబిడ్డలను చంపమన్నవాడికి చెప్పారు. ఇతరుల బిడ్డల కోసం, తమ ప్రాణాలకు తెగించి చెప్పారు. సహాయపు దరఖాస్తుకు అవతలి వైపు ఉన్నది ఫరో కాదు. అక్కడ ఒక పరిమితమైన నిధి ఉంది. ఆ నిధి ముందు ఒక వరుస ఉంది. ఆ వరుసలో మన వెనుక మరొక తల్లి తన బిడ్డను పట్టుకుని నిలబడి ఉంది. మనం తగ్గించి రాసిన అంకె ఆమె వంతును తీసుకుంటుంది.

ఇది ఊహ కాదు, లెక్క. విదేశాల్లో ఉన్న భారతీయ మూలాల పిల్లలు ఇండియాలో చదువుకోవడానికి భారత ప్రభుత్వం 2006-07లో ఒక ఉపకారవేతనం మొదలుపెట్టింది. మొదట ఏటా 100 మందికి, తరువాత 150 మందికి. ఎన్నో దేశాల పిల్లలకు కలిపి అంతే. అబద్ధపు అంకెతో ఒకరు లోపలికి వస్తే నిజం రాసిన ఒకరు బయట ఉండిపోతారు. అమెరికాలో పెల్ గ్రాంటు సంగతి కొంచెం వేరు. అర్హత ఉన్నవారందరికీ అది వస్తుంది, 2024-25లో గరిష్ఠంగా 7,395 డాలర్లు. అయితే కాలేజీలు తమ సొంత నిధి నుంచి ఇచ్చే సహాయానికి హద్దు ఉంటుంది. అక్కడా వరుస ఉంది. వరుసలో ఉన్నవారి ముఖాలు మనకు కనిపించవు, అంతే తేడా.

అపొస్తలుల కార్యములు 5వ అధ్యాయంలోని అననీయ, సప్పీరాల సంగతి మనకు చిన్నప్పటి నుంచి తెలుసు. దాన్ని కానుకల ప్రసంగాల్లోనే ఎక్కువగా వింటాం. ఆ పొలం వారిదేనని, అమ్మిన తరువాత డబ్బు కూడా వారి చేతిలోనే ఉండిందని పేతురే ఒప్పుకున్నాడు. కొంత ఉంచుకోవడం నేరం కాదు. ఇచ్చింది కొంతైనా అంతా ఇచ్చినట్టు చూపించడం నేరమయ్యింది. ఇంకో సంగతి గమనించండి. పేతురు సప్పీరాను విడిగా అడిగింది ఒక అంకె గురించి. భర్తతో కలిసి మాట్లాడుకున్న అంకెనే ఆమె చెప్పింది. ఒక ఇల్లంతా కలిసి అబద్ధానికి ఒప్పందం చేసుకోవచ్చని ఆ అధ్యాయం చూపిస్తుంది. దానికి కొద్ది వచనాల ముందే, అక్కరలో ఉన్నవారికి పంచిపెట్టడం కోసమే ఆ డబ్బు అపొస్తలుల దగ్గరికి వచ్చేదని రాసి ఉంది. అది కూడా ఒక సహాయనిధే.

అలాగని, మన మీద లేని భారాన్ని వేసుకోవాలని దేవుడు కోరడు. కాగితం అడిగినదానికి నిజం చెప్పాలి. అడగనిది మనంతట మనం రాయనవసరం లేదు. ఫాఫ్సా మనం కాపురముంటున్న ఇంటి విలువ అడగదు. దాన్ని రాయకపోవడం దాచడం కాదు. అయితే కొన్ని కాలేజీలు వేరే దరఖాస్తులో ఇంటి విలువ కూడా అడుగుతాయి. అడిగితే చెప్పాలి. ఇల్లు వేరేవారి పేరు మీద ఉంటే ఉన్నదున్నట్టు ఆ సంగతే రాయాలి. డాలరు రేటు చిక్కుకూ జవాబు ఇక్కడే ఉంది. కాగితం ఫలానా రేటు వాడమంటే అదే వాడాలి. చెప్పకపోతే ఆదాయం క్యాట్లలో ఎంతో రాసి, ఏ రేటుతో మార్చామో చెప్పి, రెండు రేట్లకూ ఎంత తేడా ఉందో పక్కన వివరించాలి. ప్రత్యేక పరిస్థితులు రాయడానికి చాలా దరఖాస్తుల్లో చోటు ఉంటుంది. మనవాళ్లు దాన్ని ఖాళీగా వదిలేస్తారు. అంకె ఒక్కటే చెప్పలేని నిజాన్ని చెప్పుకోవడానికే ఆ చోటు ఉన్నది.

దీనికి ఎదురుగా ఇంకో తప్పు ఉంది. మంచి విశ్వాసుల ఇళ్లలో అదే ఎక్కువ. అడగడానికి నామోషీ. “మనకేం లోటు, దేవుడు చూసుకుంటాడు” అని దరఖాస్తే పెట్టరు. లేదా నలుగురూ ఏమనుకుంటారోనని ఉన్నదానికన్నా ఎక్కువ ఉన్నట్టు రాస్తారు. తరువాత వడ్డీకి అప్పు చేస్తారు. సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురు మోషే ఎదుట, సమాజమంతటి ఎదుట నిలబడి తమ వంతు అడిగారు. వారు అడిగింది న్యాయమేనని దేవుడు అన్నాడు. మన తెలుగు సంఘ చరిత్రలోనూ ఒక పాఠం ఉంది. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో ఒక భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని వేల మందికి పని చూపించాడు. ఆ కరువు రోజుల్లో మాత్రం బాప్తిస్మాలు ఇవ్వకుండా ఆపాడు. ఆకలి తీరడానికి విశ్వాసం వెల కాకూడదని ఆయన అనుకున్నాడు. కరువు సహాయం ఆగాకే బాప్తిస్మాలు మొదలుపెట్టాడు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అన్నం అడిగినందుకు ఆ ప్రజలు చిన్నబోనక్కరలేకపోయింది, అన్నం కోసం అబద్ధమాడనక్కరా లేకపోయింది. సహాయం అడిగే ప్రతి ఇంటికీ ఆ రెండూ కావాలి.

ఇక ఇంటి లోపలి సంగతి. ఈ కాగితం కుటుంబమంతటిదీ. 2024-25 నుంచి ఫాఫ్సాలో విద్యార్థి, తల్లిదండ్రులు ఎవరి ఖాతాతో వారు లోపలికి వెళ్లి, ఎవరి సమ్మతి వారు ఇచ్చి, ఎవరి సంతకం వారు పెట్టాలి. ఇది మంచి అలవాటుకు దారి. మన ఇళ్లలో నాన్నకు ఎంత వస్తుందో పిల్లలకు తెలియదు, కొన్ని ఇళ్లలో అమ్మకూ తెలియదు. పద్దెనిమిదేళ్ల బిడ్డ చేత, తను చూడని అంకె కింద సంతకం పెట్టించకండి. కూర్చోబెట్టి చూపించండి. మీరు అంకె మార్చితే ఆ బిడ్డ కళ్లెదుటే మార్చాలి. అప్పుడు ఆ చెయ్యి ఆగుతుంది.

సహాయం వచ్చాక కూడా కొంత లోటు మిగులుతుంది. దాన్ని ఎవరు మోస్తారు? దరఖాస్తులో తల్లిదండ్రుల ఆదాయమే ఉంటుంది. నిజంలో మాత్రం సింగపూర్‌లో పనిచేసే మేనమామ పంపే డబ్బు ఉంటుంది, చదువు ఆపి కొట్లో కూర్చున్న అక్క జీతం ఉంటుంది, తన వంతు కోసం ఎదురుచూసే తమ్ముడు ఉంటాడు. యెఫ్తా మొక్కుకున్నాడు, వెల చెల్లించింది అతని కుమార్తె. అన్నయ్య చదువుకు చెల్లెలు తన చదువు వదులుకోవాల్సి వస్తే, ఆ మాట చెల్లెలు లేనప్పుడు నిర్ణయించకండి. ఆమె సంతోషంగా ఇస్తే అది అర్పణ. అడగకుండా తీసుకుంటే అది దోపిడీ, ఎంత ప్రార్థనతో చేసినా సరే.

సంఘపెద్దలకు, కాపరులకు ఒక మనవి. సిఫారసు ఉత్తరం అడిగితే ఇవ్వండి, తెలిసినంతే రాయండి. ఏ ఇంటి లేమినీ ప్రార్థన మనవుల పేరుతో మైకులో చెప్పకండి. ఆ పిల్లలు అక్కడే కూర్చుని ఉంటారు. కాగితాలు నింపడం వచ్చిన యవనస్థులు ఒక శనివారం సాయంత్రం కూర్చుని, రానివారికి సాయం చేసేలా చూడండి. జూమ్‌లోనైతే యాంగోన్ కుటుంబం కూడా చేరగలదు.

అరణ్యంలో మన్నా కురిసినప్పుడు ఎవరి గుడారంలో ఉన్న తలలను బట్టి వారు ఓమెరుతో కొలుచుకున్నారు. ఎక్కువ కూర్చినవానికి మిగల్లేదు, తక్కువ కూర్చినవానికి తక్కువ కాలేదు. కొరింథు సంఘానికి చందా గురించి రాస్తూ పౌలు దీన్నే గుర్తుచేశాడు. కొలత నిజమైతేనే అందరికీ చాలింది.

ఈ ఏడాది మీ ఇంట్లో దరఖాస్తు ఉంటే, పంపే ముందు అందరూ కలిసి ఒకసారి చదవండి. మీ బిడ్డ కోసం ప్రార్థించండి. ఆ వరుసలో మీ వెనుక నిలబడి ఉన్న, పేరు తెలియని ఆ తల్లి బిడ్డ కోసం కూడా ప్రార్థించండి. తరువాత సంతకం పెట్టండి. ప్రభువు మీ ఇంటిని దీవించును గాక. ఆమేన్.